అట్టపెట్టెలో వచ్చిన తొలి సైకిల్



పుట్టినరోజుకో, వేసవి సెలవులకో ఆన్‌లైన్‌లో ఆర్డర్ చేసిన సైకిల్ అట్టపెట్టెలో ఇంటికి వస్తుంది. హ్యాండిల్, సీటు, పెడల్స్, కొన్నిటికి ముందు చక్రం కూడా మనమే బిగించుకోవాలి. పక్కన చిన్నారి "అయిపోయిందా నాన్నా?" అని గంతులేస్తుంటే తొందరపడటం సహజమే. కానీ ఎక్కిన సైకిల్‌ని పిల్లలు తమంతట తాము ఆపగలరా లేదా అన్నది మీరు బిగించే తీరుమీదే ఆధారపడి ఉంటుంది.

ముందు పెడల్స్ సంగతి. వాటి ఇరుసు చివర ఎల్, ఆర్ అని గుర్తులుంటాయి. కుడి పెడల్ గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పితే బిగుస్తుంది. ఎడమ పెడల్‌కి మరలు రివర్స్‌లో ఉంటాయి, తొక్కుతుంటే దానంతటదే ఊడిపోకుండా. రెండూ చేత్తోనే మూడు నాలుగు చుట్లు సులువుగా ఎక్కాలి, ఆ తర్వాతే స్పానర్. ఈ విషయం తెలియక మా అబ్బాయి సైకిల్‌కి ఎడమ పెడల్‌ని నేను బలవంతంగా తిప్పాను. మరలు అరిగిపోయి క్రాంకే మార్చాల్సి వచ్చింది. షాపతను ఏమీ అనలేదు గానీ, నవ్వాడు.

ఫోర్కు వంపు ముందుకు ఉండాలి. పెట్టెలో ఒక్కోసారి అది వెనక్కి తిప్పి ఉంటుంది, అలాగే చక్రం బిగించేయకండి. హ్యాండిల్ కాడ మీద, సీటు రాడ్డు మీద ఒక గీత ఉంటుంది. అది లోపలే ఉండాలి, బయటికి కనిపించకూడదు. బిగించాక ముందు చక్రాన్ని మీ మోకాళ్ల మధ్య పట్టుకుని హ్యాండిల్ తిప్పి చూడండి. విడిగా తిరిగితే ఇంకా బిగించాలి.

"ఎలాగూ పెరుగుతాడు కదా" అని పెద్ద సైజు కొంటాం. బట్టలకైతే పరవాలేదు, సైకిల్‌కి పనికిరాదు. నేర్చుకునే రోజుల్లో సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ పూర్తిగా నేలకి ఆనాలి. భయం వేయగానే పిల్లలు మొదట చేసేది కాళ్లు కింద పెట్టడమే. బ్రేకు పిడి కూడా ఆ చిన్న వేళ్లకు అందాలి. చాలా సైకిళ్లకు పిడి దగ్గర చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని బిగిస్తే పిడి హ్యాండిల్‌కి దగ్గరవుతుంది. సైకిల్‌ని నడిపిస్తూ చిన్నారి చేతే బ్రేకు నొక్కించి చూడండి. చక్రం ఆగకపోతే వీధి చివర సైకిల్ షాపుకి తీసుకెళ్లండి, అదేం నామోషీ కాదు.

సైడ్ చక్రాలు రెండూ నేలను గట్టిగా నొక్కితే వెనక చక్రం పైకి లేచి బ్రేకు పట్టదు. సైకిల్ నిటారుగా ఉన్నప్పుడు అవి నేలకి అర సెంటీమీటరు పైన ఉండాలి. గాలి ఎంతన్నది టైరు అంచునే రాసి ఉంటుంది. చేతి పంపుతోనే కొట్టండి, పెట్రోలు బంకు గాలికి ఇంత చిన్న ట్యూబు చిటికెలో పగిలిపోతుంది.

వారం తొక్కాక నట్లన్నీ మరోసారి బిగించండి. కొత్త సైకిల్‌కి అవి కాస్త వదులవుతాయి.