ఉద్యోగస్థులైన ఇంజనీర్లకు దూరవిద్య: స్టాన్‌ఫర్డ్ అనుభవం

ఉద్యోగం మానకుండా ఇంజనీరింగ్‌లో స్నాతకోత్తర విద్య అభ్యసించడం ఎలా? అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 1969లో తరగతి పాఠాలను టెలివిజన్ ద్వారా పరిసర కంపెనీలకు ప్రసారం చేయడం ప్రారంభించింది. ఇంజనీర్లు పనిచేసే చోటే పాఠం విని, అక్కడినుంచే అధ్యాపకుణ్ణి ప్రశ్నించగలిగేవారు. అయితే ఆ ప్రసారం దూరప్రాంతాలకు అందేది కాదు. శాంటా రోజాలోని హ్యూలెట్-ప్యాకార్డ్ ఇంజనీర్లకు ఎదురైన సమస్య ఇదే.

1970వ దశకంలో ప్రొఫెసర్ జేమ్స్ గిబ్బన్స్, ఆయన సహచరులు ఒక పరిష్కారం చూపారు. పాఠాన్ని వీడియో టేపుపై నమోదు చేసి పంపేవారు. కొద్దిమంది ఇంజనీర్లు దాన్ని కలిసి చూస్తూ, సందేహం వచ్చిన చోట టేపు ఆపి చర్చించుకునేవారు. కంపెనీకే చెందిన ఒక ఇంజనీరు ట్యూటర్‌గా ఉండేవారు. ట్యూటర్ పని పాఠం మళ్లీ చెప్పడం కాదు, అందరిచేత మాట్లాడించడం. 1977లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఈ బృందాల గ్రేడ్లు తరగతి గదిలో చదివినవారి గ్రేడ్లకు తీసిపోలేదు.

దీన్నిబట్టి మీరు గ్రహించవలసిందేమిటి? అధ్యాపకుడు ఎదురుగా లేకపోయినా, ఆగి ప్రశ్నించుకునే వీలుంటే అభ్యసనం కుంటుపడదు. మీ అధ్యయన కేంద్రంలోని ముగ్గురు, నలుగురు సహాధ్యాయులతో కలిసి ఈ పద్ధతిని మీరూ పాటించవచ్చు.

మీ ప్రగతిని తెలుసుకోండి: టెలివిజన్ ప్రసారంలో లేని ఏ సౌలభ్యం వీడియో టేపులో ఉంది?