ఓడలో వేడినీటి తొట్టి

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళి, పనిలో పనిగా ఓడ విహారం కూడా చేసివచ్చే తల్లులు ఈ రోజుల్లో ఉన్నారు. ఓడలో ఈతకొలను సరే, దాని పక్కనే బుడగలు లేచే వేడినీటి తొట్టి ఒకటుంటుంది. మోకాళ్ళనొప్పులకు హాయి కదా అని అందరూ అక్కడే చేరతారు.

వేడినీళ్ళలో క్రిములు బతకవని మన నమ్మకం. మరిగిస్తే నిజమే. కాని తొట్టిలో ఉండేది 40 డిగ్రీలకు మించని వేడి. లెజియొనెల్లా అనే సూక్ష్మజీవికి అది పుట్టిల్లే! పైగా వేడికి క్లోరిన్ త్వరగా తరిగిపోతుంది. బుడగలు పగిలి లేచే సన్నని తుంపరను పీలిస్తే న్యుమోనియా రావచ్చు. 1994లో న్యూయార్క్ నుంచి బెర్ముడా వెళ్ళివచ్చే ఓడలో 50 మందికి ఇలాగే జబ్బు చేసింది. తొట్టి నీటిని వడగట్టే ఇసుకలో ఆ జీవి దొరికింది. నీళ్ళలో దిగకుండా ఊరికే పక్కన కూర్చున్నవారిలోనూ కొందరికి సోకిందండీ!

అందుకని దిగేముందు క్లోరిన్ ఎంతుందో అక్కడివాళ్ళను అడగండి, మొహమాటం వద్దు. పదిలక్షల పాళ్ళ నీటికి కనీసం 3 పాళ్ళుండాలి. తొట్టి గోడలు చేతికి జిగురుగా తగిలితే వెనక్కి వచ్చేయండి. గర్భిణులు, అయిదేళ్ళలోపు పిల్లలు అసలు దిగకూడదు. తిరిగివచ్చిన రెండు వారాల్లో జ్వరం, దగ్గు వస్తే డాక్టరుగారితో ఈ తొట్టి సంగతి కూడా చెప్పండి.