ఇంటిలోని వెలుతురు

నంద్యాలకు తూర్పుగా, నల్లమల కొండల పాదమున మహానంది క్షేత్రము కలదు. అచటి పుష్కరిణి నీరు మిక్కిలి తేటయైనది. పగటివేళ నీటి యడుగున పడియున్న నాణెము సైతము గట్టున నిలిచినవారికి స్పష్టముగా కనబడును. ఆ ఎండలోనుండి ఆలయములోనికి పోయినవారికి మాత్రము మొదట కొన్ని క్షణములు ఏమియు తోచదు. ఎండకు అలవడిన కన్ను చీకటికి అలవడుటకు వ్యవధి కావలెను. దేవాలయముల గర్భగుడులకు సామాన్యముగా కిటికీలుండవు. అది శిల్పుల లోపము కాదు. చుట్టును చీకటియై నడుమ ఒక్క దీపము వెలుగుచున్నప్పుడు చూపు మఱియొక చోటికి పోదు. కాని అట్టి గదిలోనే ఒక బాలిక లెక్కలు చేయవలసివచ్చినను, ఒక యిల్లాలు బియ్యములో రాళ్ళేఱవలసివచ్చినను ఎంత కష్టమో ఊహింపవచ్చును. దేవుని గదికి తగిన వెలుతురు వేఱు, మనుష్యుల గదికి తగిన వెలుతురు వేఱు.

కర్నూలు, కడప సీమలలోని పాత ఇండ్లు పెక్కింటిలో పగలే చీకటి. ఇందుకు కారణము కట్టినవారి అజ్ఞానము కాదు. వేసవిలో అచట ఎండ 40 డిగ్రీలు దాటును. వెలుతురు వచ్చు త్రోవననే వేడియు వచ్చును. కావున వారు మందమైన రాతిగోడలు కట్టి, పైన మట్టిమిద్దె వేసి, కిటికీలను తగ్గించిరి. వెలుతురు కొఱకు మిద్దెలో ఒక చిన్న కంత ఉంచిరి. దానినే గవాక్షి అందురు. వాన వచ్చినప్పుడు దానిని బండతోనో, కుండతోనో మూసెడివారు. వంటయింటి పొగయు ఆ దారినే పోయెడిది.

ఈ గవాక్షి మెచ్చదగిన ఉపాయము. గోడలోని కిటికీకి ఆకాశములో కొంత భాగమే కనబడును. ఎదురుగా పొరుగింటి గోడ యున్నచో అదియు కనబడదు. మిద్దెలోని కంతకు నడినెత్తి ఆకాశమే ఎదురుగా నుండును. మబ్బు దట్టముగా పట్టిన దినమున దిగంతముకంటె నడినెత్తి ఆకాశము ఇంచుమించు మూడురెట్లు ప్రకాశవంతముగా నుండును. అందుచేతనే గవాక్షి గోడలోని తనకంటె పెద్ద కిటికీతో పోటీపడగలదు. నేడు మట్టిమిద్దెలకు బదులు సిమెంటు శ్లాబులు వచ్చినవి, గవాక్షులు మఱుగున పడినవి. ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొని యుండుటచే నడిమి గదులలో మిట్టమధ్యాహ్నము కూడ విద్యుద్దీపము వెలిగించుచున్నారు. గని, శకునాల గ్రామముల చెంత 2017లో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రము ఏర్పడినది. పొలములపై పడిన ఎండను విద్యుత్తుగా మార్చి, తీగలమీదుగా తెచ్చి, ఎండయే ఉన్న వేళ గదిలో వెలిగించుట కొంత వింతయే. శ్లాబులో ఒక గాజు పలక అమర్చినచో ఆ పని తప్పును.

కిటికీ ఏ దిక్కున నుంచవలెనో నిర్ణయించుటకు సూర్యుని నడక తెలిసియుండవలెను. మహానంది భూమధ్యరేఖకు ఉత్తరముగా ఇంచుమించు పదునైదున్నర డిగ్రీల అక్షాంశమున నున్నది. కావున మే మొదటి వారమునను, ఆగస్టు రెండవ వారమునను మధ్యాహ్నవేళ సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. ఈ రెండింటి నడుమ అతడు మధ్యాహ్నమున కొంచెము ఉత్తరముగా పోవును. డిసెంబరులో మాత్రము దక్షిణమునకు వాలి, మధ్యాహ్నమున 51 డిగ్రీల యెత్తుననే నిలుచును. అప్పుడు దక్షిణపు కిటికీకి రెండడుగుల సజ్జ యున్నచో దాని నీడ గోడమీద రెండున్నర అడుగుల వఱకు దిగును. అనగా సజ్జ పొడవును మార్చి, చలికాలపు ఎండ ఎంత లోనికి రావలెనో నిర్ణయింపవచ్చును. ఉత్తరపు కిటికీకి వేసవి మధ్యాహ్నమున ఎత్తైన ఎండయే తగులును గనుక చిన్న సజ్జ చాలును. సంవత్సరములో పెక్కు దినములు దానిగుండా ఎండ రాక, వెలుతురు మాత్రమే వచ్చును. చదువు గదికి ఇంతకంటె మంచి కిటికీ లేదు.

చిక్కంతయు పడమటిది. అస్తమించు సూర్యుడు క్రిందుగా నుండుటచే సజ్జ ఎంత పొడవైనను అతనిని ఆపజాలదు. మహానందికి తూర్పున కొండలు అడ్డముండుటచే ఉదయపు ఎండ ఆలస్యముగా దిగును. పడమట మైదానము గనుక సాయంకాలపు ఎండ అడ్డులేక తగులును. అట్టి చోట పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టుట వేసవిని ఇంటిలోనికి పిలుచుటయే. అటువైపు సామాను గదియో, స్నానపు గదియో యుంచుట మేలు. తప్పనిచో ఒక వేపచెట్టు నాటవలెను.

కిటికీ వెడల్పుకంటె దాని యెత్తు ముఖ్యము. కిటికీ పైకమ్మి నేలనుండి ఎంత యెత్తున నున్నదో, అందుకు రెండు లేక రెండున్నర రెట్ల దూరము వఱకే మంచి వెలుతురు గదిలోనికి పోవును. ఏడడుగుల యెత్తు కిటికీ పదునేడడుగులకు మించి ఉపకరింపదు. గోడ మందమైనచో కిటికీ ప్రక్కలను లోపలివైపునకు వెడల్పుగా విచ్చునట్లు ఏటవాలుగా కట్టించిన వెలుతురు పరచుకొనును.

లోనికి వచ్చిన వెలుతురును నిలుపునవి గోడలు. క్రొత్తగా వేసిన సున్నము తనపై పడిన కాంతిలో ఇంచుమించు మూడు పాతిక వంతులు తిరిగి పంపును. నునుపుచేసిన నల్లని కడప బండ పదింట ఒక వంతు మాత్రమే పంపును. కడప బండ గట్టిది, నేలకు చల్లదనము నిచ్చును. అయినను చీకటి గదికి లేతరంగు బేతంచెర్ల బండయే తగినది. పైకప్పుకు తెల్లరంగు తప్పదు.

ఎంత మంచి గది యైనను ఆరుబయటికి సాటిరాదు. వెలుతురును లక్సులలో కొలుతురు. నడియెండలో లక్ష లక్సులు, చెట్టునీడలో వేలకొలది లక్సులు ఉండును. గదిలో కిటికీ చెంత సామాన్యముగా కొన్ని వందలే. పగలు ఆరుబయట ఎక్కువసేపు గడపు పిల్లలకు హ్రస్వదృష్టి తక్కువగా వచ్చుచున్నదని నేత్రవైద్యులు కనుగొనిరి.

ఇక రాత్రి మాట. పూర్వము ఆముదపు దీపమును గోడగూటిలో నుంచెడివారు. సున్నము పూసిన గూడు దీపపు వెలుగును ముందునకు త్రోసెడిది. చదువువాడు దాని దగ్గఱకే జరిగి కూర్చుండెడివాడు. ఆ దగ్గఱితనములోనే రహస్యమున్నది. దీపమునుండి దూరము రెండింతలైన వెలుతురు నాలుగవ వంతగును. 800 ల్యూమెన్‌ల కాంతి నిచ్చు ఒక ఎల్‌.ఇ.డి. దీపము రెండు మీటర్ల దూరమున నేరుగా ఇచ్చునది సుమారు 30 లక్సులు. గోడల ప్రతిఫలనము మఱికొంత చేర్చును. అదే దీపము అర మీటరు దూరమున నున్నచో 500 లక్సులకు పైన నిచ్చును. చదువుకొనుటకు 300 లక్సులు, వంటయింటికి 200, మెట్లకు 100 ఉండవలెనని భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి. కనుక గది నడుమ ఒక్క దీపము వ్రేలాడదీసి, చాలకున్న ఇంకను పెద్దది తెచ్చుట ధనవ్యయమే. చదువు బల్లకు ప్రత్యేకముగా చిన్న దీపము కావలెను. కుడిచేత వ్రాయువారికి అది ఎడమప్రక్క నుండవలెను, లేనిచో చేతినీడ అక్షరములపై పడును. దీపపు గోళము కంటికి నేరుగా కనబడరాదు.

దీపము కొనునప్పుడు వాట్లను కాక ల్యూమెన్‌లను చూడవలెను. వాట్లు ఖర్చును తెలుపును, ల్యూమెన్‌లు వెలుగును తెలుపును. వెనుకటి 60 వాట్ల తీగదీపము రోజునకు 4 గంటల వంతున ఏడాదికి సుమారు 88 యూనిట్లు మ్రింగెడిది. అంత వెలుగునే ఇచ్చు 9 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపమునకు 13 యూనిట్లు చాలును. నీలికాంతి ఎల్‌.ఇ.డి. లేనిదే తెల్లని వెలుగు సాధ్యము కాలేదు. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురా అను శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది.

వంటయింటిలో దీపము వెనుకనున్నచో వండువారి నీడయే కూరలు తఱుగు కత్తిపై పడును. గట్టుకు పైగా, ముందుగోడకు దీపముంచిన ఆ యిబ్బంది తీఱును. మెట్లకు పైన ఒకటి, క్రింద ఒకటి మీటలుండవలెను. పెరటి దారికి దీపము విలాసము కాదు. కొండ ప్రక్కల ఊళ్ళలో పామును, తేలును ముందుగా చూచుట ప్రాణముతోడి పని.

ఇవన్నియు ఇల్లు పూర్తియైన పిదప ఆలోచించిన ఖర్చు హెచ్చును. తీగలు పోవు గొట్టములను శ్లాబు పోయుటకు ముందే కమ్ముల నడుమ పఱతురు. బల్ల ఎచ్చట, పొయ్యి ఎచ్చట, మంచము ఎచ్చట అని కాగితముపై గీచి మేస్త్రీకి చూపవలసిన దినము అదియే. ఆ దినము దాటినచో గోడలను గాడికొట్టి, పూసిన సున్నమును మరల పూయవలసివచ్చును.