మైకులో మాట ఎంత తెలుస్తోంది?

మాట చెవిన పడటం వేరు, ఆ మాట ఏమిటో తెలియడం వేరు. రెండోదాన్ని కొలవడానికి మొదట పుట్టిన పద్ధతి చాలా సాదాది. ఒకరు వరసగా మాటలు చదువుతారు, వినేవాళ్లు తమకు వినపడినట్టు రాస్తారు. నూటికి ఎన్ని సరిపోయాయన్నదే స్పష్టత లెక్క. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశకాల్లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థలో హార్వే ఫ్లెచర్ బృందం ఈ పరీక్షను శాస్త్రంగా మలిచింది. వాళ్లు చదివించినవి చాలావరకు అర్థం లేని అక్షరాల గుంపులు. తెలిసిన మాటలైతే వినేవాడు సగం విని మిగతా సగం ఊహతో పూరించేస్తాడు. అప్పుడు మార్కులు ఫోనుకు కాక వినేవాడి తెలివికి పడతాయి.

ఈ ఊహ ఎంత పనిచేస్తుందో పల్నాడులో పద్యనాటకం చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసిన ‘సత్య హరిశ్చంద్ర’ కాటిసీనులో వినుకొండ కవి గుర్రం జాషువా పద్యాలు పాడటం ఆనవాయితీ. రాగం ఎంత లాగినా, హార్మోనియం ఎంత మోగినా జనానికి ఒక్క మాటా జారదు, పద్యం ముందే నోటికి వచ్చు గనక. రైల్వే స్టేషన్ ప్రకటనకూ ఇదే సౌలభ్యం ఉంది. మొదలూ చివరా ఎప్పుడూ ఒకటే. బండి పేరు, ప్లాట్‌ఫారం నంబరు పట్టుకుంటే చాలు.

అసలు పరీక్ష తిరునాళ్లలో ఎదురవుతుంది. తొలి ఏకాదశికి వినుకొండ కొండ దగ్గర గానీ, శివరాత్రికి కోటప్పకొండ ప్రభల మధ్య గానీ తప్పిపోయిన పిల్లవాడి కబురు మైకులో చెబుతారు. పిల్లవాడి పేరు, తండ్రి పేరు, ఊరు - ఏదీ ఊహకు అందేది కాదు. ఈపూరా, ఏలూరా? నాటకానికి భేషుగ్గా పనికొచ్చిన మైకుసెట్టే ఇక్కడ చేతులెత్తేయవచ్చు.

లోపం ఎక్కువగా హల్లుల దగ్గర వస్తుంది. గొంతులోని బలమంతా అచ్చులది, అదీ 1000 హెర్ట్జ్‌కు దిగువనే ఎక్కువ. ‘మాత’ను ‘మాట’ నుంచి విడదీసే ఆనవాళ్లు మాత్రం అంతకంటే పైస్థాయుల్లో, క్షణకాలం మెరిసి పోతాయి. తెలుగులో ఒత్తులు మరో చిక్కు. ‘పుట’కూ ‘పుట్ట’కూ తేడా ప్రధానంగా నాలుక అంగిలికి ఆని గాలి ఆగిపోయిన ఆ కాస్త మౌనం నిడివిలో ఉంది. సెకనులో పదో వంతు ప్రాంతంలో ఉండే ఆ తేడాను ప్రతిధ్వని వచ్చి పూడ్చేస్తే ఏది పుటో ఏది పుట్టో తేలదు.

ప్రతిధ్వనిని లెక్కలోకి తెచ్చినవాడు హార్వర్డ్ ఆచార్యుడు వాలెస్ సబైన్. పని మొదలుపెట్టింది 1895లో. హార్వర్డ్‌లో కొత్తగా కట్టిన ఉపన్యాస మందిరంలో పలికిన మాట అణగడానికి అయిదున్నర సెకన్లు పట్టేది. ఈలోగా వెనక మాటలు డజను వచ్చి దాని మీద పడేవి. సబైన్ పక్క నాటకశాలలోని సీటు మెత్తలు మోయించుకొచ్చి, రాత్రిళ్లు వాటిని పరుస్తూ తీస్తూ కొలిచాడు. తేలిందేమంటే గది పెద్దదైనకొద్దీ మోత ఎక్కువసేపు నిలుస్తుంది, శబ్దాన్ని పీల్చే వస్తువులు పెరిగినకొద్దీ తగ్గుతుంది. నాపరాళ్లూ గ్రానైటూ పరిచిన ఖాళీ కల్యాణమండపం గంటలా మోగి, పెళ్లివారు నిండాక కాస్త కుదుటపడటం ఇందుకే. మనుషులూ శబ్దాన్ని పీలుస్తారు.

ఆరుబయట గోడలు లేకపోయినా హారన్లే ప్రతిధ్వని పుట్టిస్తాయి. ఒక హారనుకు 40 మీటర్లు, మరోదానికి 75 మీటర్ల దూరంలో నిలబడ్డవాడికి రెండో మాట సెకనులో పదో వంతు ఆలస్యంగా అందుతుంది. సెకనులో ఇరవయ్యో వంతు లోపు వచ్చే ప్రతిధ్వని మాటకు బలమే. అది దాటితే చెరుపు. సౌండు పెంచితే రెండూ పెరుగుతాయి గానీ ఆలస్యం తగ్గదు. చిన్న స్పీకర్లు ఎక్కువచోట్ల, తక్కువ శబ్దంతో, ఒకే దిక్కుకు తిప్పి కట్టడం, దూరంవాటికి యంత్రంతో తగినంత ఆలస్యం ఇవ్వడం దీనికి విరుగుడు. పాత హారను గొంతు రేకు డబ్బాలా ఉన్నా హల్లులుండే మధ్యస్థాయులను బాగానే మోస్తుంది. బేసు దట్టించిన సౌండ్ బాక్సు పాటకు సొంపు, కబురుకు చేటు. ఇక ప్రకటనలు చదివేటప్పుడు కూడా ఎకో నాబు తిప్పడం అచ్చంగా కొని తెచ్చుకున్న కష్టం.

ప్రతిసారీ మనుషులను కూర్చోబెట్టి రాయించడం కుదరదు గనక 1970ల్లో నెదర్లాండ్స్ పరిశోధకులు హౌట్‌గాస్ట్, స్టీనెకెన్ మరో దారి చూపారు. మాటలో శబ్దం సెకనుకు కొన్నిసార్లు పెరిగి తగ్గుతుంటుంది. ఆ ఎత్తుపల్లాలు వినేచోటికి ఎంతవరకు చెడకుండా చేరాయో యంత్రం కొలిచి 0 నుంచి 1 లోపు అంకె ఇస్తుంది. 0.3 కంటే తగ్గితే మాట తెలియనట్టే, 0.75 దాటితే భేషు. రద్దీ వల్ల వచ్చే గోలా, గోడల మోతా రెండూ ఆ అంకెలో పట్టుబడతాయి.

మాట్లాడేవాడి చేతిలోనూ కొంత ఉంది. గోలలో గొంతు దానంతటదే పెరుగుతుందని ఫ్రెంచి వైద్యుడు ఎతియెన్ లొంబార్డ్ 1911లో రాశాడు. అరవడం కంటే నిదానం, హల్లులు తేల్చి పలకడం ఎక్కువ పనిచేస్తాయి. వినికిడి తగ్గినవాళ్ల మీద 1985లో అమెరికాలో జరిగిన ఒక ప్రయోగంలో మామూలు మాట కంటే తేటగా పలికిన మాటకు నూటికి 17 మార్కులు ఎక్కువ వచ్చాయి. అనుభవమున్న ప్రకటనకారుడు ఊరి పేరు రెండుసార్లు చెప్పి, మండలం కూడా కలపడం మంచి పద్ధతే: ఒకటి జారినా రెండోది పట్టిస్తుంది.

వినికిడి పరీక్షలోనూ ఈ మార్కులకు చోటుంది. ఎంత మెల్లని శబ్దం వినపడుతుందో చెప్పే గ్రాఫు ఒకేలా ఉన్న ఇద్దరికి మాట తెలిసే తీరు వేరుగా ఉండవచ్చు. అందుకే మాటల జాబితా చదివి తిరిగి చెప్పిస్తారు. ఆ జాబితా రోగి మాతృభాషలోనే ఉండాలి. తెలుగు మాత్రమే వచ్చిన ముసలాయనకు ఇంగ్లీషు మాటలు వినిపిస్తే తేలేది ఆయన ఇంగ్లీషే. తెలుగు జాబితాతోనైతే వినికిడి మిషను పెట్టకముందు ఒకసారి, పెట్టాక మరోసారి చదివించి, మార్కులు ఎంత పెరిగాయో చూడవచ్చు.