డబ్బెంత కాదు, వాటా ఎంత?

వ్యాపారం పోటీగా మారి టెలివిజన్ తెర కెక్కినప్పటి నుంచి డబ్బున్నవారికి జంతువుల పేర్లు వచ్చాయి. 2001లో జపానువారు ఈ ఆట మొదలుపెట్టి వారిని పులులన్నారు. 2005లో బ్రిటనులో బి.బి.సి. వారు నిప్పులు కక్కే డ్రాగన్లన్నారు. 2009లో అమెరికావారు సొరచేపలన్నారు. ఆ సొరచేపలే 'షార్క్ ట్యాంక్ ఇండియా' అనే పేరుతో 2021 డిసెంబరు 20వ తేదీ రాత్రి సోనీ టెలివిజన్‌లో మన ఇళ్ళకు వచ్చాయి. ఆవు అనో, మేక అనో పేరు పెట్టుకొన్న ధనవంతుడు మాత్రం ఏ దేశంలోనూ కనబడలేదు!

ఆట సులువైనదే. చిన్న వ్యాపారం చేసుకొనేవారు ఒక్కొక్కరే లోపలికి వస్తారు. ఎదురుగా కుర్చీల్లో పెద్ద వ్యాపారస్థులు కూర్చుని వుంటారు. వచ్చినవారు తమ సరుకు చూపించి, "నాకు ఇంత డబ్బు కావాలి, బదులుగా నా వ్యాపారంలో నూటికి ఇంత వాటా ఇస్తాను" అంటారు. ఇష్టమైతే బేరం, కష్టమైతే నమస్కారం. మొత్తం ఏడుగురు ధనవంతులు. ఒక్కొక్క రాత్రి అందులో అయిదుగురు కూర్చునేవారు. కళ్ళజోళ్ళ వ్యాపారం చేసే పీయూష్ బన్సల్, పెళ్ళిసంబంధాల సంస్థ నడిపే అనుపమ్ మిత్తల్, ముఖానికి పూసుకొనే రంగుల వ్యాపారంలో వున్న వినీతా సింగ్ - ఇలాంటివారు.

ఆ మొదటి రాత్రి నేను శంషాబాదులో మా బాబాయిగారింట్లో వున్నాను. విమానాశ్రయం దగ్గర కాబట్టి మాటల మధ్యలో విమానం చప్పుడు వినబడుతూనే వుంటుంది. కార్యక్రమం హిందీలో అయినా హైదరాబాదు చుట్టుపక్కల వాళ్ళకు హిందీ ఏమంత కొత్త? బాబాయి, పిన్ని, పిల్లలు, వారితోపాటు పక్కింటి పెద్దమ్మగారు కూడా వచ్చి కూర్చున్నారు. ఆవిడ ఎందుకు వచ్చారో తరవాత చెబుతాను.

మొదట వచ్చినావిడ అదితి భూటియా మదన్. మోమోలు చేసి, గడ్డకట్టించి అమ్మే వ్యాపారం ఆవిడది. మోమో అంటే మన కుడుముకు చుట్టమనుకోండి. నూటికి 5 వంతుల వాటా ఇచ్చి 50 లక్షలు అడిగింది. కాస్సేపు బేరం సాగి, ముగ్గురు కలిసి 75 లక్షలు ఇస్తామన్నారు. మా పిల్లలు చప్పట్లు కొట్టారు. "చూశావా, అడిగినదానికంటె పాతిక లక్షలు ఎక్కువే ఇచ్చారు!" అన్నది పిన్ని.

బాబాయి మాత్రం చప్పట్లు కొట్టలేదు. ఆయన బ్యాంకిలో పనిచేసి విరమించిన మనిషి. వార్తాపత్రిక అంచున పెన్సిలుతో లెక్క వేస్తున్నాడు.

"వాటా ఎంత?" అన్నాడు.

"పదహారట" అన్నాను.

"అయితే చూడు. అయిదు వంతులకు 50 లక్షలంటే వ్యాపారం మొత్తం విలువ 10 కోట్లని ఆవిడ చెప్పినట్లు. పదహారు వంతులకు 75 లక్షలంటే మొత్తం విలువ 4 కోట్ల 68 లక్షల 75 వేలే. డబ్బు సగం పెరిగింది, విలువ సగానికి పైగా తరిగింది. మీరు కొట్టిన చప్పట్లు దేనికి?"

గదిలో ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

తరవాత వచ్చినవారు కరెంటుతో నడిచే చిన్న స్కూటర్లవారు. 20 వంతులకు 40 లక్షలు అడిగి, 50 వంతులు ఇచ్చి అదే 40 లక్షలు పుచ్చుకొన్నారు. మూడవది దుస్తులకు విడిగా తొడుక్కొనే చేతుల వ్యాపారం. 10 వంతులకు 25 లక్షలు అడిగిన ఆ అమ్మాయి 30 వంతులు ఇచ్చి అదే 25 లక్షలకు ఒప్పుకొన్నది. మొదటి రాత్రి వచ్చిన ముగ్గురికీ డబ్బు కుదిరింది. ముగ్గురూ నవ్వుతూనే వెళ్ళారు. మూడు చోట్లా వ్యాపారి చెప్పిన విలువ మాత్రం సగానికి పైగా పడిపోయింది.

ఇందులో మోసమేమీ లేదు. సొంత బిడ్డ ఎవరికైనా ముద్దే. విలువ ఎక్కువ చెప్పడం అమ్మేవాడి ధర్మం, తగ్గించడం కొనేవాడి ధర్మం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్నట్లు రేపటి లాభాలను ఇవాళే లెక్క కట్టేవారూ వుంటారు. వారికి అయిదుగురు కలిసి నాలుగు ప్రశ్నలు వేయడం మంచిదే. నాకు నచ్చనిదల్లా డబ్బు అంకె పెద్దదిగా, వాటా అంకె చిన్నదిగా మన చెవిన పడే తీరు. వాద్యాలు మోగుతాయి, కౌగిలింతలు జరుగుతాయి, కన్నీళ్ళు తుడుచుకొంటారు. ఆ సందడిలో నూటికి ఎంత పోయిందన్నది ఎవరికి గుర్తుంటుంది? పైగా తెరమీద కుదిరిన మాట ఆఖరు మాట కాదు. ఆ తరవాత లెక్కలు, పత్రాలు తనిఖీ చేసిగాని డబ్బు చేతికి రాదు. అక్కడ చెడిపోయిన బేరాలూ వున్నాయి.

ఇక పెద్దమ్మగారి సంగతి. ఆవిడ పదకొండేళ్ళుగా ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, కరివేపాకుపొడి చేసి అమ్ముతున్నారు. ఎక్కువగా కొనేది అమెరికా వెళ్ళే పిల్లల తల్లులు. చేతిసంచీలో నూనె పచ్చళ్ళు పట్టుకుపోనివ్వరు. పెద్ద పెట్టెలో వేయాలంటే నూనె కారకుండా గట్టిగా కట్టాలి. ఆ కట్టడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. గాలి తీసి సంచీ బిగించే పెద్ద యంత్రం కొనాలని ఆవిడ కోరిక. అంతలో ఒక వర్తకుడు వచ్చి 5 లక్షలు ఇస్తాను, సగం వాటా ఇమ్మన్నాడు. ఔనాలా, కాదనాలా తేల్చుకోలేక, ఈ ఆటలో ఏం చేస్తారో చూద్దామని వచ్చారు.

"స్కూటర్ల వాళ్ళు కూడా సగం ఇచ్చారుగా నాయనా, నేనిస్తే తప్పేముంది?" అన్నారు బాబాయితో.

"తప్పని కాదు వదినగారూ. సగానికి 5 లక్షలంటే, ఆయన తెచ్చిన డబ్బుతో కలిపి మీ వ్యాపారం మొత్తం 10 లక్షలు. ఆయన డబ్బు తీసేస్తే మీ పదకొండేళ్ళకు మిగిలేది 5 లక్షలు. సబబుగా వున్నదా?"

ఆవిడ ఆలోచనలో పడ్డారు. "అప్పు తీసుకొంటే వడ్డీ కట్టాలి గదా?" అన్నారు.

"కట్టాలి. సరుకు అమ్ముడైనా, కాకపోయినా కట్టాలి. కాని అప్పు ఒకనాటికి తీరుతుంది. వాటా తీరదు. మీరు ఆవకాయ కలిపినన్నాళ్ళూ సగం ఆయనదే. అయితే నష్టం వస్తే అందులోనూ సగం ఆయనదే. ఆ ధైర్యం కావాలంటే వాటా ఇవ్వండి. ఉత్త యంత్రం కోసమైతే మాత్రం వద్దు."

పెద్దమ్మగారు వర్తకుడికి మరో మాట చెప్పి పంపారు: వ్యాపారంలో వాటా ఇవ్వను, మీ డబ్బు తీరేదాకా యంత్రం మీద కట్టిన సంచీ ఒక్కింటికి ఇంత అని ఇస్తాను. ఆయన ఆలోచించి చెబుతానని వెళ్ళి తిరిగి రాలేదు. ఆవిడ గాజులు తాకట్టు పెట్టి చిన్న యంత్రం కొన్నారు. గాజులు విడిపించుకోవడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ సులువుగా గడిచాయని ఆవిడ అనరు.

అలాగని వాటా ఇవ్వడమే చెడ్డదంటే నేను ఒప్పుకోను. శంషాబాదులో వుండి ఆ మాట ఎలా అనగలం? 2008 మార్చిలో ప్రారంభమైన ఈ విమానాశ్రయమే వాటాల మీద లేచింది. రాజాంలో పుట్టిన గ్రంధి మల్లికార్జునరావుగారి జి.ఎం.ఆర్. సంస్థకు 63 వంతులు, కౌలాలంపూరు విమానాశ్రయం నడిపే మలేసియా సంస్థకు 11, రాష్ట్ర ప్రభుత్వానికి 13, కేంద్రం వారి విమానాశ్రయాల సంస్థకు 13. తరవాత మలేసియావారి 11 వంతులు జి.ఎం.ఆర్. కొనుక్కోగా వారి వాటా 74 అయింది. కట్టగలిగినవాడు ఒకడు, నడపడం తెలిసినవాడు ఒకడు, సుమారు 5,500 ఎకరాల భూమి కౌలుకిచ్చిన ప్రభుత్వం ఒకటి. ప్రతివాడూ డబ్బుకు మించి ఏదో తెచ్చాడు. అదీ వాటా అడిగే హక్కు. "ఈయన డబ్బు కాక ఇంకేమి తెస్తాడు?" అన్న ప్రశ్నకు జవాబుంటే ఇవ్వవచ్చును.

ఇక్కడే మరో సంగతి. ఆ ఎకరాలలో పొలాలు దున్నుకొన్న రైతులకు పరిహారం వచ్చింది, వాటా రాలేదు. చుట్టూ నేల ధర ఆకాశానికి ఎగిరినప్పుడు, ఇచ్చేసిన పొలం మీద వారికి ఆ పెంపులో పైసా లేదు. మొత్తంగా అమ్ముకోవడానికీ వాటా నిలుపుకోవడానికీ తేడా ఏమిటో ఈ ఊరికి ఒకరు చెప్పనక్కరలేదు.

2023లో ఈ ఆట మన తెలుగులోకీ వచ్చింది. ఆడవారి వ్యాపారాల కోసమే 'ఆహా' వారు 'నేను సూపర్ ఉమన్' అని ప్రసారం చేశారు. ఆడవారి వ్యాపారాలకు ఊతమిచ్చేందుకు 2018లో తెలంగాణ ప్రభుత్వం స్థాపించిన వి-హబ్ దానికి తోడు నిలిచింది. ఇందులో డబ్బు పెట్టేవారిని సొరచేపలనలేదు, ఏంజెల్స్ అన్నారు, అంటే దేవదూతలన్నమాట. పులి నుంచి దేవదూత దాకా వచ్చాం, సంతోషమే. దేవదూత అయినా వాటా అడుగుతుంది, అడగాలి కూడా.

ఆడపిల్ల నలుగురి ఎదుట నిలబడి "నా వ్యాపారం విలువ ఇంత" అని చెప్పడం మన ఇళ్ళలోని పిల్లలు చూడడం ఎంతో మేలు. ఇంటిల్లిపాదీ కూర్చుని చూడదగ్గ ఆటే ఇది. అయితే పక్కన ఒక కాగితం, పెన్సిలు పెట్టుకోండి. వాద్యాలు మోగగానే చప్పట్లు కొట్టకుండా, నూటికి ఎంత ఇచ్చారో, దానినిబట్టి మొత్తం ఎంతైందో పిల్లలచేత లెక్క కట్టించండి. లెక్క సరిపోయిన తరవాత కొట్టే చప్పట్లకు విలువ వుంటుంది.