అమ్మ ఎముకలు గుల్లబారితే నాకూ అంతేనా?

"మా అమ్మ పెరట్లో జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఎముకలు గుల్లబారాయన్నారు డాక్టరుగారు. అమ్మమ్మకూ ఇలాగే అయింది. నాకూ ఇదే రాసిపెట్టి ఉందా?" అని ఒక పాఠకురాలి ప్రశ్న.

కొంత ఉంది, కొంత లేదు. ఏది ఎంతో తెలియాలంటే ముందు ఎముక లోపల ఏం జరుగుతుందో చూడాలి.

పైకి రాయిలా కనిపించినా ఎముకకు ప్రాణం ఉంది. పాత ఇంటికి మరమ్మతు చేసినట్టు, ఒక రకం కణాలు పాతబడ్డ చోట తవ్వుతూ పోతాయి, ఇంకో రకం కణాలు వెనకే వచ్చి ఆ గుంటలు పూడుస్తాయి. పెద్దవాళ్ల ఎముకల్లో ఏటా దాదాపు పదోవంతు ఇలా కొత్తదవుతుంది. చిన్నప్పుడు పూడ్చేదే ఎక్కువ గనుక ఎముక గట్టిపడుతూ వస్తుంది. ముప్ఫై ఏళ్లు వచ్చేసరికి ఎంత గట్టిపడాలో అంత గట్టిపడుతుంది. ఆ తర్వాత మెల్లగా తవ్వకానిదే పైచేయి. తవ్వే కణాలను అదుపులో ఉంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. ముట్లుడిగాక అది తగ్గిపోతుంది కాబట్టి ఆడవాళ్లలో కొన్నేళ్లపాటు ఎముక వేగంగా తరుగుతుంది.

అంటే ముసలితనంలో ఎముక ఎంత మిగులుతుందన్నది రెండింటి మీద ఆధారపడుతుంది: వయసులో ఎంత గట్టిపడింది, తర్వాత ఎంత తరిగింది. ఇందులో అమ్మానాన్నల వాటా ఎంతో కవలలను చూసి లెక్కగడతారు. ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో జన్యువులన్నీ దాదాపు ఒకటే. వేర్వేరు అండాల కవలలు మామూలు అక్కచెల్లెళ్ల లాంటివాళ్లే. మొదటి రకం కవలల ఎముకల సాంద్రత ఒకరిది ఒకరికి చాలా దగ్గరగా ఉంటుంది, రెండో రకంలో అంత ఉండదు. ఇలాంటి పరిశోధనలన్నీ చూస్తే, మనుషుల మధ్య ఎముకల సాంద్రతలో కనిపించే తేడాల్లో 50 నుంచి 85 శాతం దాకా జన్యువుల వల్లేనని తేలింది. ఇది జనం మధ్య తేడాల గురించిన లెక్క. మీ ఎముకలో ఇంత శాతం అమ్మ ఇచ్చిందని కాదు.

ఆ జన్యువులేవి? జవాబుకు ఒక దారి చూపింది గుల్ల ఎముకలు కాదు, మరీ గట్టి ఎముకలు. దక్షిణాఫ్రికాలోని ఆఫ్రికానర్ కుటుంబాల్లో స్క్లెరోస్టియోసిస్ అనే అరుదైన జబ్బు ఉంది. తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా చెడిన జన్యువే వచ్చిన బిడ్డల్లో ఎముక పెరుగుతూనే ఉంటుంది. పుర్రె మందమై నరాలను నొక్కేసి చెవుడు తెస్తుంది, ముఖకండరాలు పడిపోతాయి, ప్రాణానికే ముప్పు. కారణం 2001లో దొరికింది: 'ఇక పూడ్చింది చాలు' అని చెప్పే స్క్లెరోస్టిన్ అనే ప్రోటీను వాళ్లలో తయారు కాదు. మరి ఎముకలు గుల్లబారినవాళ్లలో ఆ ప్రోటీనును మందుతో అడ్డుకుంటే? అలా వచ్చిన మందే రోమోసోజుమాబ్. అమెరికాలో 2019లో అనుమతి దొరికింది. నెలకోసారి, ఏడాదిపాటు ఇస్తారు. గుండెపోటు, పక్షవాతం భయం ఉన్నవాళ్లకు హెచ్చరిక కూడా ఉంది కాబట్టి అందరికీ పనికిరాదు. కొన్ని కుటుంబాల కష్టం లోకానికి ఒక మందయింది.

మామూలుగా ఎముకలు గుల్లబారడం మాత్రం ఒక్క జన్యువు పని కాదు. 2019లో అచ్చయిన ఒక పరిశోధనలో, బ్రిటన్‌లో నాలుగు లక్షలకు పైగా మనుషుల మడమ ఎముకను అల్ట్రాసౌండుతో పరీక్షించిన కొలతలు చూశారు. ఎముకతో సంబంధమున్న జన్యు స్థానాలు ఐదు వందలకు పైగా దొరికాయి. ఒక్కొక్కదాని ప్రభావం పిసరంతే, అన్నీ కలిపినా తేడాల్లో ఐదోవంతు మాత్రమే అర్థమైంది. కాబట్టి 'ఎముకల జన్యు పరీక్ష' అని ఎవరైనా అమ్మజూపితే డబ్బు దాచుకోమనే నా సలహా.

ఇక అసలు సంగతి: గుల్లబారడం వేరు, విరగడం వేరు. విరగడానికి ముందు పడాలి. పడడంలో చూపు, కాళ్ల సత్తువ, వేసుకునే మందులు, తడిగచ్చు అన్నీ ఉంటాయి. స్వీడన్ కవలల మీద 2005లో వచ్చిన అధ్యయనం ప్రకారం, డెబ్బైలోపు తుంటి విరగడంలో జన్యువుల వాటా పెద్దది, ఎనభై దాటాక విరిగితే దాదాపు లేనట్టే. అందుకే మీరు అమ్మగారికి, అమ్మమ్మగారికి ఎన్నో ఏట విరిగిందో గుర్తుచేసుకోండి. అరవైల్లోనే అయితే మీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పదేళ్లలో ఎముక విరిగే ప్రమాదాన్ని అంచనా కట్టే 'ఫ్రాక్స్' లెక్కలో కూడా 'అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా?' అని ఒక ప్రశ్న ఉంటుంది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాను ఎప్పుడు చేయించుకోవాలో డాక్టరే చెబుతారు. ఇంట్లో ఎదిగే ఆడపిల్ల ఉంటే మాత్రం ఎండలో ఆటలూ, పాలూ, రాగిజావా ఇప్పుడే. ఆమె ఎముక ఇంకా గట్టిపడే వయసులోనే ఉంది.