ఏడిస్తే చెయ్యి పడిపోతోందా? నటన అనుకోకండి!

వేడి వేడి పప్పన్నం ఊదుకుంటూ తింటున్న పిల్లాడి చేతిలోంచి ముద్ద జారిపోతుంది. మూతి కాస్త వంకరపోతుంది. మాట ముద్దముద్దగా వస్తుంది. పది నిముషాల్లో మళ్ళీ మామూలే! "తినకుండా వేషాలు" అని ఒకటి తగిలిస్తాం. లేదా దిష్టి తీసి ఊరుకుంటాం. అక్కడే పొరపాటు పడతామండీ.

చిన్నపిల్లలకి పక్షవాతమేమిటని ఆశ్చర్యపోకండి. అరుదుగానైనా వస్తుంది. అందుకు ఒక కారణం 'మోయామోయా' అనే జబ్బు. మెదడుకి రక్తం తీసుకెళ్ళే పెద్ద నాళాలు మెల్లమెల్లగా సన్నబడిపోతాయి. ఆ లోటు తీర్చడానికి సన్నని నాళాలు గుబురుగా అల్లుకుంటాయి. పరీక్షలో అవి పొగలా కనిపిస్తాయని 1969లో జపాను డాక్టర్లు ఆ పేరు పెట్టారు.

మరి ఏడిస్తేనే ఎందుకలా? వెక్కి వెక్కి ఏడ్చినా, గబగబా ఊదినా ఒంట్లోని కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా బయటికి పోతుంది. దాంతో మెదడులోని నాళాలు ముడుచుకుంటాయి. అసలే తక్కువగా అందే రక్తం ఇంకా తగ్గిపోతుంది.

2011లో ఈ జబ్బుకీ ఆర్.ఎన్.ఎఫ్.213 అనే జన్యువులోని మార్పుకీ సంబంధం ఉందని తేలింది. జపాను, కొరియా వాళ్ళలో ఈ మార్పు ఎక్కువ. అయితే అది ఉన్నవాళ్ళలో చాలామందికి జబ్బు రానేరాదు! డౌన్ సిండ్రోమ్, సికిల్ సెల్ రక్తహీనత ఉన్న పిల్లల్లోనూ నాళాలు ఇలా సన్నబడవచ్చు. జన్యువులు తల్లి నుంచీ వస్తాయి, తండ్రి నుంచీ వస్తాయి. ఎవరూ కోరి ఇచ్చేవి కావు. కనుక అత్తగార్లూ, "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావో" అని కోడల్ని దెప్పకండి.

పిల్లల్లో ఇలా కనిపిస్తే, తగ్గిపోయింది కదా అని ఊరుకోక వెంటనే పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి. ఏ చెయ్యి, ఎంతసేపు, అప్పుడేం చేస్తున్నాడు అన్నది కాగితం మీద రాసి డాక్టరుకి చూపించండి. సొంతంగా మాత్రలు మింగించకండి. ఎం.ఆర్.ఐ. లాంటి పరీక్షలతో నాళాల సంగతి తెలుస్తుంది. అవసరమైతే తలపై చర్మానికి రక్తమిచ్చే నాళాన్ని మెదడుకి కలిపే ఆపరేషను చేస్తారు. అసలు పక్షవాతం రాకముందే చేయించగలిగితే ఎంతో మేలు.

జబ్బు ఉందని తేలిన పిల్లలకి దాహం వేసేదాకా ఆగకుండా నీళ్ళు తాగించండి. అన్నం మాత్రం మీరే చల్లార్చి పెట్టండి. ఈ పని మనకి కొత్తేమీ కాదు కదా!